తుమ్మలవంక తరఫున

హుసేనమ్మ గొర్రెలు తుమ్మలవంక ఇసుకలో కాళ్లు బిగదన్ని పడి ఉన్నాయి. వాటి మూతులను రాసుకుంటూ నీళ్లు సిరాలాగా నీలంగా పారుతున్నాయి.

మహాదేవి స్కూటీని గట్టు మీది తుమ్మచెట్టుకు ఆనించి, నల్లకోటు దాని మీదే పడేసి, ఒక్క పరుగున కిందికి దిగింది. పొద్దున్నే ఆదోనిలో బయలుదేరినప్పుడు ఆమెకు తెలిసింది ఒక్కటే: ఇవాళ కోర్టు కమిషనర్ వస్తాడు, వంకను చూస్తాడు, చూసింది రాసుకుని పోతాడు. చూడ్డానికి ఇలాంటి వంక ఉంటుందని ఆమె అనుకోలేదు.

సుంకలదిన్నె ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. నీళ్ల దగ్గరికి మాత్రం ఎవరూ పోవడం లేదు. హుసేనమ్మ ఒక్కతే చచ్చిన పొట్టేలు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది. మహాదేవిని చూసి తలెత్తింది.

“రా లాయరమ్మా. కేసుకు ఫోటోలు కావాల, ఫోటోలు కావాల అంటాంటివి గదా. తీసుకో. కదలకుండా పండుకోనుండాయి, బాగా వస్తాయి.”

మహాదేవి చేతిలో ఫోను అప్పటికే తెరిచి ఉంది. చప్పున వెనక్కి దాచుకుంది. సిగ్గేసింది. గట్టు మీంచి ఆ నీలాన్ని చూడగానే గుండె గుభేలుమన్న మాట నిజమే. కానీ ఆ వెంటనే లోపల ఏదో మూల ‘దొరికారు దొంగలు’ అని సంబరపడిన మాటా నిజమే.

“కింది ఊళ్లకు చెప్పారా?” అంది.

“సర్పంచి ఫోన్లు చేస్తాండాడు,” అన్నారెవరో.

నీలం ఆగకుండా పోతోంది. తుంగభద్రలో కలిసేదాకా అది పోతూనే ఉంటుంది.

ఈ వంకే ఆమె కేసులో వాది. ఆదోని కోర్టులో ఆమె వేసిన దావా మొదటి పేజీలో అలాగే ఉంటుంది: ‘తుమ్మలవంక, మైనరు, దాని తరఫున సంరక్షకుడు ఉచ్చీరప్ప, సుంకలదిన్నె.’ ఆ కాగితం చూసి బార్ అసోసియేషన్‌లో నవ్వనివాడు లేడు. నవ్వితే నవ్వారు. గుళ్లో దేవుడు చట్టం కళ్లకు మనిషే కదా, ఆయనకు ఆస్తి ఉంటుంది, ఆయన పేరున దావా నడుస్తుంది, కాకపోతే ఎన్నేళ్లయినా మైనరే కాబట్టి ఎవరో ఒకరు తరఫున నిలబడాలి. రాతి విగ్రహానికి ఇచ్చిన హక్కు, ఊరికి నీళ్లిచ్చే వంకకు ఎందుకివ్వరు? ఉత్తరాదిన ఒక హైకోర్టు గంగకూ యమునకూ ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపి పెట్టింది. తమిళనాట ఇంకో కోర్టు ఏకంగా ప్రకృతిమాతకే హక్కులున్నాయంది. మహాదేవి ఇవన్నీ చెప్పింది. జడ్జిగారు ఓపిగ్గా విని, “వంక మనిషో కాదో తర్వాత తేలుద్దాం. ముందు దానికి దెబ్బ తగిలిందో లేదో చూసి రావాలి” అని కమిషనర్‌ను వేశారు.

దెబ్బ కొట్టేది రోడ్డవతల ఉన్న జీన్సు ప్యాంట్ల ఫ్యాక్టరీ. గుడ్డ రంగు దించే మందులు వాడుతుంది. దిగిన రంగుతో నీలంగా మారిన ఆ మందు ఎక్కడికి పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు, కాగితం మీద ఎవరికీ తెలీదు. ఇంతకుముందు రెండు తనిఖీలు జరిగాయి. రెండుసార్లూ అధికారులు వచ్చేనాటికి వంకలోకి మురుగు వదిలే గొట్టం ఎండిపోయి, గోడకు కొత్త సున్నం కొట్టి ఉంది. ఈసారి కూడా కమిషనర్ ‘వంక శుభ్రంగా ఉంది’ అని రాసుకుపోతే దావా అక్కడితో సరి.

ఇప్పుడు శుభ్రంగా ఉందని రాయడం ఎవరి తరమూ కాదు.

అంతలో గట్టు మీద గోల లేచింది. నలుగురు కుర్రాళ్లు ఒకణ్ని మెడ పట్టుకుని తోసుకొస్తున్నారు. చొక్కా భుజం దగ్గర చిరిగింది, పెదవి పగిలింది. ఈరేష్. ఊరివాడే. ఆ ఫ్యాక్టరీ ట్యాంకరు నడుపుతాడు.

“ఈ నా కొడుకే! ఊరి నీళ్లు తాగి ఊరికే విషం పెట్నాడు!”

“లాయరమ్మా, నువ్వన్నా సెప్పు!” ఈరేష్ మోకాళ్ల మీద పడ్డాడు. “ట్యాంకరు నిన్నటేల నుంచీ ఎమ్మిగనూరులో షెడ్డులో ఉండాది. క్లచ్చి పోయినాది. నేనీడికి పొద్దున మొదటి బస్సుకొచ్చినా. మెకానిక్కునడుగు, నెంబరిస్తా.”

“ఆ, మెకానిక్కంట! నీ బామ్మర్దిని అడగమను, ఇంకా బాగా సెప్తాడు,” అన్నాడు ఒక ముసలాయన. కొందరు నవ్వారు. ఆ నవ్వు మహాదేవికి నచ్చలేదు. దెబ్బ మీద దెబ్బ వేసే ముందు జనం అలాగే నవ్వుతారు.

ఆమె నెంబరు తీసుకుని పక్కకు పోయి ఫోన్ చేసింది. అవతల సుత్తి చప్పుళ్లు, హిందీ పాట. “అవును మేడమ్, బండి ఈడనే ఉండాది. గేర్‌బాక్స్ కింద పెట్టి ఉండాది. అది యాడికి పోతాది, నేను ఎత్తుకోని పోవాల్సిందే,” అన్నాడు మెకానిక్.

వచ్చి ఆ మాటే చెప్పింది. ఎవరూ వినలేదు.

“ఫ్యాక్టరీ బండి బాగుజేసేటోడు ఫ్యాక్టరీ మాట గాక మన మాట సెప్తాడా?”

“పోలీసోళ్లు వస్తాండారు. వాళ్లే కక్కిస్తారులే.”

ఈరేష్‌ను తుమ్మచెట్టు మొదట్లో కూర్చోబెట్టి తలపాగా గుడ్డతో చేతులు కట్టేశారు. మహాదేవి అరిచింది. కట్టు విప్పలేదు గానీ, ఇంకో దెబ్బ పడకుండా ఆగారు.

కాలు నిలవక ఆమె వంక పొడుగునా నడవసాగింది. ఏదో ఒకటి సరిగా లేదు. అదేమిటో చేతికి అందడం లేదు.

ఎండాకాలం వంక సన్నబడగానే సుంకలదిన్నెలో ఇంటికొక చెలమ లేస్తుంది. పారే పాయకు కాస్త ఎడంగా ఇసుకలో గుంట తోడి, ఊరిన నీళ్లను చెంబుతో బిందెకెత్తుకుంటారు. తాగడానికి ఆ నీళ్లే. ఇవాళ ఆ చెలమలేవీ కనిపించడం లేదు. ప్రతి చెలమ మీదా తుమ్మకంప ఉంది. ప్రతి కంప మీదా ఒక రాయి ఉంది.

“ఇవి ఎవరు వేశారు?” అంది, వెనకే వచ్చిన పద్మతో. పద్మ ఆ ఊరి కోడలు. చంకలో ఖాళీ బిందె అలాగే ఉంది.

“అదే తెలీదక్కా. పొద్దున నీళ్లకొస్తే ఇట్లే ఉండాయి. ఏదో పెద్ద మైల అనుకోని ఉత్త బిందెల్తో ఎనక్కి పోతిమి. ఈ కంపలే లేకుంటే నేను, నా పిల్లోళ్లు ఈ పొద్దు ఆ గొర్రెల పక్కనే పండుకోనుందుము.”

“మైలా?”

“మా ఊళ్లో ఇంట్లో సావు పడితే ఆ ఇంటి చెలమ మీద కంపేసి రాయి పెడ్తారక్కా. ఆ రాయి తీసేదాకా ఎవురూ ముట్టరు. పసిపిల్లోళ్లు గూడా.”

“ఒక ఇంట్లో చావైతే ఒక చెలమే కదా మూసేది?”

“అదే గదా. ఊళ్లో ఎవురూ సావల్యా. అన్నీ మూసినారు.”

మహాదేవి కూర్చుని ఒక కంపను ఎత్తి చూసింది. పచ్చి కంప. కోసిన చోట ఇంకా జిగురు కారుతోంది. విషం రాకముందే, విషం వస్తుందని తెలిసినవాడు, ఒక్కో చెలమా వెతికి మరీ మూసి పెట్టాడు. రాత్రికి రాత్రి డ్రమ్ములు ఒంపి పారిపోయే ఫ్యాక్టరీ మనిషికి ఆ పని ఏం పట్టింది? వాడికి చెలమంటే ఏమిటో, కంపంటే ఏమిటో ఏం తెలుసు?

ఇది ఊరివాడి పని. ఊరివాళ్లు చావకూడదనుకున్నవాడి పని.

గట్టు మీదివాళ్లు కూడా కంపల సంగతి మాట్లాడుకుంటున్నారు. వాళ్ల లెక్క సూటిగా ఉంది. ఊరి కట్టుబాటు తెలిసి, ఫ్యాక్టరీలో పని చేసేవాడు ఒక్కడే, కాబట్టి ఈరేషే. మహాదేవి లెక్క అక్కడ ఆగలేదు. ఈరేష్ బండి ఎమ్మిగనూరులో విప్పదీసి ఉంది. అదొకటి. కమిషనర్ ఇవాళ వస్తాడని ఫ్యాక్టరీకి నోటీసు పోయింది, అది ఇంకొకటి. తనిఖీ అనగానే గొట్టం ఎండబెట్టే వాళ్లు, ఇవాళే, ఈ పొద్దునే, వంకంతా నీలం చేస్తారా?

ఇవాళ ఈ నీళ్లు నీలంగా ఉంటే ఎవరికి లాభం?

ఆ ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చింది.

నాకు.

నాకూ, ఇంకొకరికీ.

ఉచ్చీరప్ప గుంపుకు దూరంగా నిలబడి ఉన్నాడు. దావాలో వంకకు సంరక్షకుడు ఆయనే. పెద్దకడుబూరు దాకా అందరూ ఆయన్ని ‘వంకప్ప’ అని వెక్కిరిస్తారు, వెక్కిరిస్తూనే దండం పెడతారు. కోర్టు వాయిదా ఉందంటే పత్తి ఏరే పనైనా మానుకుని, ఉతికిన పంచెతో అందరికంటే ముందు వచ్చి కూర్చునే మనిషి. ఇవాళ ఆయన వంక వైపు చూడటం లేదు. ఈరేష్ వైపూ చూడటం లేదు. హుసేనమ్మ ఒళ్లోని పొట్టేలునే చూస్తున్నాడు.

పోయిన వాయిదా అయ్యాక మహాదేవి తన ఆఫీసులో విసుగ్గా ఒక మాటంది. “ఒక్క పూట, ఒకే ఒక్క పూట ఆ విషం కమిషనర్ కళ్లబడితే చాలప్పా, మిగతాది నేను చూసుకుంటా.” ఉచ్చీరప్ప అప్పుడు టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె ఆయన పక్కకు పోయి నిలబడింది. గొంతు బాగా తగ్గించింది.

“అప్పా, చెలమలు మూసింది ఎవరు?”

ఆయన చూపు పొట్టేలు మీదనుంచి కదలలేదు.

“ఈరేష్ కాదు. ఫ్యాక్టరీవాళ్లు కాదు.”

“లాయరమ్మా,” అన్నాడు ఆయన చివరికి, పెదవులు కదిలీ కదలకుండా. “గమ్మునుండు. కమిషనర్ రానీ. సూసి రాసుకోనీ. వంక గెలిస్తాది.”

“ఈరేష్‌ను లోపలేస్తారు.”

“వాని ఫ్యాక్టరీ వాన్ని ఇడిపిచ్చుకుంటాది. వాళ్లకు లాయర్లు శానామంది ఉండారు. వంకకు నువ్వొక్కదానివే.”

ఆయన చెప్పేది అబద్ధం కాదు. నోరు మూసుకుంటే చాలు. నీలం నీళ్లు, చచ్చిన గొర్రెలు, కమిషనర్ నివేదిక. ఇన్నాళ్లు నవ్విన బార్ అసోసియేషన్ మొత్తం లేచి నిలబడుతుంది. నోరు మూసుకోవడానికి కారణం కూడా చట్టంలోనే ఉంది: కక్షిదారు చెప్పిన రహస్యం లాయరు బయటపెట్టకూడదు.

కక్షిదారు. ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

“అప్పా, నేను ఎవరి లాయర్ని?”

“అదేం మాట? నా…”

“నీ లాయర్ని కాదు. దావాలో వాది నువ్వు కాదు. వంక. దానికి నోరు లేదని నిన్ను పక్కన నిలబెట్టినా.” ఆమె వంక వైపు చెయ్యి చూపించింది. “పసిబిడ్డకు సంరక్షకుడే కీడు చేస్తే కోర్టు ఏం చేస్తుందో తెలుసా? సంరక్షకుణ్ని తీసేస్తుంది. ఇంకొకర్ని పెడుతుంది. బిడ్డ కేసును కొట్టేయకూడదు.”

ఉచ్చీరప్ప మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. “కొట్టేయరా? నిజంగానా?”

“కొట్టేయకూడదని నేను వాదిస్తా. కొట్టేయరని మాటివ్వలేను.”

“అంటే పోయినా పోతాది.”

“పోయినా పోతుంది.”

ఆయన చేతిలోని తుండుగుడ్డను మెలిపెట్టాడు, విప్పాడు, మళ్లీ మెలిపెట్టాడు.

“నీ బదులు నేను చెప్పలేను. అట్లని, ఈ విషం ఫ్యాక్టరీ వదిలిందని నా నోటితో ఒక్క మాట రాదు,” అంది మహాదేవి. “ఆ తర్వాత నీ ఇష్టం.”

గట్టు మీద రెండు జీపులు ఆగాయి. ఒకదాంట్లోంచి ఎస్సై, ఇంకోదాంట్లోంచి కమిషనర్ శ్రీపాదరావు దిగారు. మంత్రాలయం వైపు మనిషి, పెద్ద వకీలు, నుదుట అక్షింతల బొట్టు, చేతిలో గొడుగు. ఆయన వెనకే ఫ్యాక్టరీ తరఫు లాయరు జయన్న. జయన్నకు ఎక్కడున్నా నోరు ఊరుకోదు.

“ఏం మహాదేవీ, నీ మైనరు హోళీ ఆడినట్టుందే ఈ పొద్దు?”

ఎవరూ నవ్వలేదు. గొర్రెలు కంటపడేసరికి జయన్న కూడా తల దించుకున్నాడు. కానీ పని మానలేదు.

“సార్, ఒక్క మాట. మీరు వస్తారని మాకు నోటీసిచ్చినారు. నోటీసు జేబులో పెట్టుకోని అదే పొద్దున విషం వదిలేంత తిక్కోళ్లమా మేము?”

“తిక్కా తెలివా అన్నది నేను రాయను జయన్నా,” అన్నాడు శ్రీపాదరావు. “నీళ్లు నీలంగా ఉన్నాయని రాస్తాను. జీవాలు చచ్చి ఉన్నాయని రాస్తాను.” ఆయన వంగి నీళ్లను సీసాలోకి పట్టించాడు. మూత బిగించి సీలు వేయించాడు. తర్వాత నడుం నిలబెట్టి జనం వైపు చూశాడు. “పోసిన మనిషిని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ఈరేషు!” అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

“చూసినారా అని అడిగాను.”

ఎస్సై ఈరేష్ దగ్గరికి నడిచి, కట్టు విప్పి, రెక్క పట్టుకుని లేపాడు. “చూసేదేముంది సార్, స్టేషన్లో వాడే చెబుతాడు.” ఈరేష్ ఏడుస్తున్నాడు, చిన్నపిల్లాడిలా, ముక్కు తుడుచుకోవడం కూడా తెలియకుండా. జీపు వైపు వాణ్ని నడిపిస్తున్నారు.

శ్రీపాదరావు మహాదేవి వైపు తిరిగాడు. “వాది తరఫున ఏమైనా చెప్పాలా అమ్మా?”

మహాదేవి నోరు తెరిచింది. “నీళ్లు నీలంగా ఉన్నాయి సార్. అంతే,” అంది. జయన్న ఆశ్చర్యంగా ఆమె మొహంలోకి చూశాడు.

“సంరక్షకుడు ఎక్కడ? ఉచ్చీరప్పా, నువ్వేం చూశావు?”

ఉచ్చీరప్ప ముందుకు వచ్చాడు. చెప్పులు గట్టు మీదే విడిచి, ఇసుకలోకి దిగి, నీళ్లకు అడుగు దూరంలో నిలబడ్డాడు.

“వాన్ని జీపెక్కియ్యాకండి సార్. నేను సెప్తా. పోసినోన్ని నేను సూసినా. నేనే పోసినా.

“అరవాకండప్పా, సెప్పనీండి. ఫ్యాక్టరీ గోడెనక వాడేసిన మందు పీపాలు పారేస్తారు సార్, నా చేనుకు ఆనుకోనే. వానొచ్చినప్పుడల్లా కారి వంకలో కలుస్తాది. వాన నీళ్లల్లో ఎవురికి కనపడ్తాది? ఆపీసర్లొస్తారు, ఎండిన గొట్టం సూస్తారు, పోతారు. ఈసారీ అట్ల పోతే కేసు పాయె. రేయంతా నిద్ర పట్టల్యా. వాళ్లు ఏడాది పొడుగునా దొంగతనంగా తాపేది నేను ఒక్క పొద్దున అందురికీ కనపడేటట్ట తాపుదామనుకుంటి. పీపాలు నా బండికే ఎత్తుకున్యా. నా ఎద్దులే. కోడి కుయ్యకముందే పైన రేవుకాడికి తోలినా. ఎవురూ సెప్పల్యా నాకు. లాయరమ్మ సెప్పల్యా. నా బుర్రే.

“ముందు చెలమలన్నీ మూసినా. ఒక్కిల్లు ఇడవకుండా మూసినా. మనుసులకేమీ కాగూడదని. అంతా సరిగ్గా చేసినా అనుకోని మూత తీసినా. హుసేనమ్మా, నీ మంద కృష్ణగిరి పక్క చేలల్లో ఎరువుకు కట్టినావని వింటి. నిన్న మాపునే తోలుకొచ్చినావని నాకెట్ల తెలుస్తాది? పొద్దున నీ కేక ఇనే దాకా తెలీదు. నా ఎద్దుల్ని తోలుకో. అది సరిపోదని తెలుసు. మొగం సూపియ్యలేక సెప్తాండా.

“ఈరేషు పెదివి పగలగొడ్తాంటే కూడా గమ్మునుంటి సార్. అది ఇంకో తప్పు. వంక కోసరం అని సెప్పుకున్యా. వంక నన్నడిగిందా? మూత తీసినప్పుడు నీళ్లు నా కాళ్ల మీదనే పారుతాండె, సల్లగా. మనుసుల లెక్కంతా సూసుకున్యా, దాని లెక్క సూడల్యా. నీళ్లల్లో చాపపిల్లలుండె. అవి తేలేదాకా వంక బతికుండే జీవమని నాకే తట్టల్యా. కోర్టులో మాత్రం అదే మాట పదిమందిలో సెప్పినోన్ని నేను.

“ఫ్యాక్టరీని ఇడ్సొద్దు సార్. పీపాలు ఇంకా ఆడనే ఉండాయి, వాళ్ల గోడెనకనే, జయన్నను తోడుకోని పోయి సూడండి. అది వాళ్లది. ఈ పొద్దు నీలం మట్టుకు నాది. దావాలో వంక పక్కన నా పేరు కొట్టేయండి. ఎదురు పక్కన ఫ్యాక్టరీ పేరుంది గదా, దాని కింద రాసుకోండి. ఉచ్చీరప్ప, తండ్రి ఈరన్న.”